మీ తెలుగును దాచకండి: కడపలో కూర్చుని విదేశాలకు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పడం

మీరు అనంతపురం నుంచి అడిగారు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివారు, ఆరేళ్లు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పారు, ఇప్పుడు చంటిపాపతో ఇంటిపట్టున ఉన్నారు. జపాన్, వియత్నాం లాంటి చోట్ల ఉన్నవాళ్లకు ఆన్‌లైన్‌లో చిన్న చిన్న బృందాలుగా స్పోకెన్ ఇంగ్లీషు చెప్పాలని ఉంది. బృందంలో ఎంతమంది ఉండాలి, గంటసేపు ఏం చేయించాలి, ఎంత తీసుకోవాలి అని మూడు ప్రశ్నలు వేశారు. చివర్లో అసలు ప్రశ్నను గొంతు తగ్గించి అడిగినట్టు అడిగారు: "నా మాటలో తెలుగు యాస తెలిసిపోతుంది. నా దగ్గర ఎవరు నేర్చుకుంటారు?"

ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా మూడింటి జవాబులూ అందులోంచే వస్తాయి.

నేను కడపలో పద్నాలుగేళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పాను. తొమ్మిదేళ్లుగా ఇంట్లో కూర్చుని బయటి దేశాల వాళ్లకు చెబుతున్నాను. ఇప్పుడు మూడు బృందాలున్నాయి. జపాన్‌లో నలుగురు, వియత్నాంలో నలుగురు, కువైట్‌లో మన రాయచోటి, రాజంపేట వైపు వాళ్లు ఐదుగురు. మొదటి ఏడాది నేనూ మీలాగే భయపడ్డాను. కెమెరా ముందు కూర్చోగానే గొంతు మార్చేసేదాన్ని. పెదవులు గుండ్రంగా తిప్పి, రకారాలు మింగేసి, టీవీలో వార్తలు చదివేవాళ్లను అనుకరించేదాన్ని. గంట పూర్తయ్యేసరికి దవడలు నొప్పి పుట్టేవి. విద్యార్థులు రేడియో విన్నట్టు మర్యాదగా విని వెళ్లిపోయేవారు.

అది ఒక ఉప్పు లేని పప్పుతో మారింది.

జపాన్ బృందంలో ఆసుపత్రిలో పనిచేసే ఒకావిడ ఉండేది. తరగతికి ముందు అందరికీ ఒక బొమ్మ మెయిల్ చేసి, దాని గురించి మాట్లాడించడం నా పద్ధతి. ఆ రోజు ఆవిడ ముఖం తెల్లబోయినట్టు కనిపిస్తే, "డిడ్‌న్ట్ యు గెట్ మై మెయిల్?", అంటే నా మెయిల్ రాలేదా అని అడిగాను. "యస్" అంది, తల కూడా ఊపింది. సరే, అందిందన్నమాట అనుకుని ముందుకు వెళ్లాను. ఆవిడ వంతు వచ్చింది. ఒక్క మాట లేదు. మళ్లీ వారం కూడా అంతే: అదే ప్రశ్న, అదే "యస్", అదే మౌనం. చూసుకుని రావడానికి ఇష్టం లేని మనిషి అని లోపల విసుక్కున్నాను.

ఆ రాత్రి మా అత్తగారు పప్పు నోట్లో పెట్టుకుని "ఉప్పు వేయలేదా?" అన్నారు. "అవును, వేయలేదు" అన్నాను. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. మన "అవును" ఎదుటివాళ్ల మాటకు ఒప్పుదల: మీరన్నది నిజమే, వేయలేదు. ఇంగ్లీషులో అక్కడ "నో" రావాలి, ఎందుకంటే వాళ్ల జవాబు ప్రశ్నను చూడదు, జరిగిన పనిని చూస్తుంది. వేయలేదు కాబట్టి "నో". జపాన్ భాషలో "హై" కూడా మన "అవును" లాగే నడుస్తుంది. పాపం ఆవిడ రెండు వారాలుగా నాకు చెబుతున్నది "అవునండీ, మెయిల్ రాలేదు" అని! మెయిల్ చిరునామాలో ఒక అక్షరం తప్పు రాసుకున్నది నేను.

పద్నాలుగేళ్లు వ్యాకరణం చెప్పినా నాకు ఈ తేడా ఎప్పుడూ తట్టలేదు. మరుసటి తరగతిలో గంటలో సగం దీనికే ఇచ్చాను. ఒకరినొకరు "లేదా, కాదా, రాదా" అని ముగిసేలా ప్రశ్నలు వేసుకోవాలి. జవాబు ఇచ్చేముందు ఒక క్షణం ఆగి, పని జరిగిందా లేదా అన్నది మాత్రమే చూసుకోవాలి. నేను మా ఇంటి పప్పు సంగతి చెప్పాను. నలుగురూ పగలబడి నవ్వారు. ఆ రోజు మొదటిసారి నా మాట నా మాటలాగే ఉంది.

నేను చెప్పదలచింది ఇదే. ఇంగ్లీషు తల్లిభాషగా పుట్టినవాళ్లకు ఆ "యస్" తప్పని తెలుస్తుంది, ఎందుకు తప్పిందో సులభంగా తెలియదు. మనకు తెలుస్తుంది. ఆ ముడి మన నాలుకలోనూ ఉంది కాబట్టి. కానీ ఆ తెలివిడి దానంతటదే రాదు, వెతికి పట్టుకోవాలి. కాబట్టి మీ మొదటి పని యాస మార్చుకోవడం కాదు, తెలుగు మీ ఇంగ్లీషును ఎక్కడెక్కడ లాగుతోందో ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం. నా పుస్తకంలోంచి కొన్ని చెబుతాను.

మాట చివర అచ్చు. తెలుగు మాట అచ్చుతో ముగియాలని చూస్తుంది, అందుకే మనం బస్సు, కారు, పెన్ను, కప్పు అంటాం. జపాన్ వాళ్లూ అంతే. వాళ్ల మాట అచ్చుతోనైనా ముగియాలి, ముక్కుతో పలికే నకారంతోనైనా ముగియాలి. బస్సును "బసు" అంటారు, పాలను "మిరుకు" అంటారు, హోటల్‌ను "హోటెరు" అంటారు. కప్పును అచ్చంగా మనలాగే "కప్పు" అంటారు! ఇది విన్నప్పుడు నాకు ఎంత ముచ్చట వేసిందో. దీనికి నేను చేయించేది చాలా చిన్న పని. "కప్" అని పెదవులు మూసి, మూసినవి మూసినట్టే ఉంచి, మనసులో మూడు లెక్కపెట్టాలి. పెదవులు తెరిస్తే అచ్చు జారిపోతుంది. "బస్" అయితే పాములా బుస కొడుతూనే ఆగిపోవాలి. వాళ్లతోపాటు నేనూ చేస్తాను. నాకూ అవసరమే.

వియత్నాం వాళ్లది దీనికి తలకిందుల వ్యవహారం. వాళ్లు మాట చివరి హల్లును మింగేస్తారు. ఇంగ్లీషులో "ఐదు", "బాగున్నాను", "దస్త్రం" అనే మూడు మాటలూ, అంటే ఫైవ్, ఫైన్, ఫైల్, కొత్తవాళ్ల నోట ఇంచుమించు ఒకేలా "ఫై" దగ్గర ఆగిపోతాయి. "చివర గట్టిగా పలకండి" అంటే "ఫైవు" అని బలవంతంగా సాగదీస్తారు, అది ఇంకో తప్పు. నాకు దారి చూపింది మన సంధులు. "వాడు ఎక్కడ" అనం, "వాడెక్కడ" అంటాం. అలాగే "ఫైవ్ ఎగ్స్"ను "ఫైవెగ్స్" అని కలిపి పలికిస్తాను. చివరి హల్లు తరువాతి మాట మొదట్లోకి చేరిపోతుంది, అక్కడ వాళ్లకు పలకడం సులభం. బాగా అలవాటయ్యాక విడదీస్తాం. చిన్నప్పుడు సంధి సూత్రాలు వల్లెవేసిన కష్టానికి ఇన్నాళ్లకు ఫలం దక్కింది.

ఇంకొకటి "అండి". కువైట్ బృందంలో ఇది బాగా కనిపిస్తుంది. "రెండు రోజులు సెలవు ఇవ్వండి" అన్నప్పుడు మర్యాదంతా ఆ చివరి రెండు అక్షరాల్లో ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి మారిస్తే "గివ్ మీ టూ డేస్ లీవ్" అవుతుంది. "అండి" మధ్యలో ఎక్కడో రాలిపోయింది, మిగిలింది ఆజ్ఞ. మన మనిషి చేతులు కట్టుకుని, తల వంచుకుని ఆ మాట అంటాడు. విన్న యజమానికి పొగరుగా వినిపిస్తుంది. ఇంగ్లీషులో మర్యాద క్రియ చివర ఉండదు, వాక్యం మొదట్లో "కుడ్ ఐ" రూపంలో ఉంటుంది, గొంతులో ఉంటుంది. "అండి ఎక్కడికి పోయింది?" అని అడగడం మా తరగతిలో ఒక ఆట అయింది. ఒకరు ఆజ్ఞలాంటి వాక్యం చెబుతారు, మిగతావాళ్లు దాంట్లో అండిని వెతికి పెట్టాలి.

ఇక మీరు నిజంగా సరిదిద్దుకోవలసినవి. యాసను దాచవద్దన్నాను కానీ, అర్థం కాకుండా పోయే చోట పట్టుదల పనికిరాదు. జెనిఫర్ జెన్కిన్స్ అనే భాషావేత్త 2000లో ఒక వాదన ముందుకు తెచ్చారు. తల్లిభాష ఇంగ్లీషు కానివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు అర్థం చెడగొట్టేవి కొన్ని ఉచ్చారణ దోషాలే, అన్నీ కావు అని. ఆ లెక్క ప్రకారం మన "థ", "ద"లతో పెద్ద నష్టం లేదు. హ్రస్వ దీర్ఘాల తేడా ముఖ్యం, అది మనకు అక్షరాభ్యాసం నాటి నుంచే వచ్చు. మాట మొదట్లో వచ్చే ప, ట, క లకు కొంచెం ఊపిరి తగిలించడం ముఖ్యం, అది మనకు లేదు. నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని "పెన్" అనండి. కాగితం కదలకపోతే, మీ "పెన్" కొందరి చెవికి "బెన్" అని చేరుతుంది. వాక్యంలో ఏ మాటను ఒత్తి పలుకుతామన్నది కూడా ముఖ్యమే. మనం అన్ని మాటలనూ ఒకే బరువుతో దంచుతాం.

నా వంతుగా ఇంకో రెండు చేరుస్తాను. కోడిగుడ్డును "యెగ్" అనడం, ఓన్లీని "వోన్లీ" అనడం మన పాత అలవాటు, మానుకోవచ్చు. రెండోది మన వకారం. ఇంగ్లీషులో రెండు వకారాలున్నాయి: ఒకటి పైపళ్లు కింది పెదవికి తగిలేది, ఇంకొకటి పెదవులు ఈల వేసేటట్టు సున్నా చుట్టేది. దీన్ని ఇక్కడ రాసి చూపించడానికే వీల్లేదు, పడమర దిక్కుకూ బనియనుకూ మన లిపిలో ఒకటే "వెస్ట్". అద్దం ముందు నేర్చుకోండి.

"ఓన్లీ" అన్నాను కదా, దానితో నేను పడ్డ తిప్పలు కూడా చెప్పేస్తాను. వియత్నాం బృందానికి మంగళ, శుక్రవారాల్లో తరగతి. ఒకసారి పండగ కారణంగా శుక్రవారం ఉంటుందా ఉండదా అని అడిగారు. శుక్రవారమే ఉంది, మార్పు లేదు అనే అర్థంలో "ఫ్రైడే ఓన్లీ" అన్నాను. మంగళవారం నేను కెమెరా ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను. వాళ్లకు అర్థమైంది "ఇకమీదట శుక్రవారం మాత్రమే" అని. తప్పు వాళ్లది కాదు. మన "ఏ" ప్రత్యయం నొక్కి చెప్పడానికి, వాళ్ల "ఓన్లీ" మిగతావి తీసివేయడానికి.

"మీరు నేటివ్ స్పీకరా?" అని అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. తడబడకుండా "కాదు, నేనూ మీలాగే నేర్చుకున్నాను" అనండి. కొందరు వెళ్లిపోతారు, పోనివ్వండి. ఉండేవాళ్లు ఎక్కువకాలం ఉంటారు. కడప ఎక్కడ అని అడిగినవాళ్లకు నేను సి.పి. బ్రౌన్ గురించి చెబుతాను. 1820లో ఇక్కడికి ఉద్యోగం మీద వచ్చి, తెలుగు నేర్చుకుని, వేమన పద్యాలను ఇంగ్లీషులోకి మార్చి, నిఘంటువు కట్టిన మనిషి. తెలుగు ఆయన తల్లిభాష కాదు. ఆ నిఘంటువును తెలుగు తల్లిభాష అయినవాళ్లం ఇప్పటికీ తెరుస్తూనే ఉన్నాం. ఈ మాటకు ఇంతవరకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

బృందంలో ఎంతమంది? నలుగురు. ముగ్గురైతే ఒకరు రాని రోజు ఇద్దరే మిగులుతారు, తరగతి చప్పబడుతుంది. ఐదుగురైతే నోరు విప్పని మనిషికి దాక్కునే చోటు దొరుకుతుంది. కువైట్ బృందంలో ఐదుగురు ఎందుకంటే, డ్యూటీల వల్ల ఏ వారమూ ఐదుగురూ రారు. నలుగురైతే ఇద్దరిద్దరుగా విడదీయవచ్చు, ఒకేసారి రెండు సంభాషణలు నడుస్తాయి. లెక్క వేసి చూడండి. 50 నిమిషాల తరగతిలో మీరు 30 నిమిషాలు మాట్లాడితే మనిషికి మిగిలేది 5 నిమిషాలు. మీరు 10 నిమిషాలకు తగ్గి, మిగతా 40లో జంటలుగా మాట్లాడిస్తే మనిషికి దాదాపు 20 నిమిషాలు నోరు కదులుతుంది. స్పోకెన్ ఇంగ్లీషుకు వాళ్లు డబ్బు ఇస్తున్నది ఆ నిమిషాలకే. మీ గొంతు వినడానికి కాదు.

బడిలో నలభై మందికి చెప్పి వచ్చినవాళ్లకు ఇది చాలా కష్టం. ఊరుకోవడం మనకు నేర్పలేదు. నా తరగతి ఒకటి రికార్డు చేసి, గోడ గడియారం ముందు పెట్టుకుని విన్నాను: 50 నిమిషాల్లో 31 నిమిషాలు నేనే. అందులో సగం నేను వేసిన ప్రశ్నకు నేనే చెప్పిన జవాబులు. జపాన్ వాళ్లను ఏదైనా అడిగితే జవాబు రావడానికి చాలా సమయం తీసుకుంటారు. మనం ఆ మౌనం భరించలేక అందుకుంటాం. ఇప్పుడు ప్రశ్న వేశాక బల్ల కింద వేళ్లు మడుస్తూ పది లెక్కపెడతాను. ఎనిమిదో వేలు దగ్గర ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు. ఇంకో సంగతి: మీరు మాట్లాడుతుంటే వాళ్లు మధ్యమధ్యలో "హై, హై" అంటారు. అర్థమైందని కాదు, ఒప్పుకున్నారనీ కాదు. కథ చెబుతుంటే మన పిల్లలు ఊకొడతారే, అది.

ఒక బృందంలో అందరి స్థాయీ దగ్గరగా ఉండాలి, దీంట్లో మొహమాటపడకండి. ఐరోపా మండలి పెట్టిన ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్ల లెక్క అందరికీ తెలిసినదే, అది వాడండి. కాగితం మీద పరీక్ష పెట్టకండి. పది నిమిషాలు మాట్లాడించండి. నిన్న ఏం చేశారు, రేపు ఏం చేస్తారు, ఈ ఫొటోలో ఏం జరుగుతోంది. నిన్నటి గురించి చెప్పేటప్పుడు కాలం జారిపోతోందా, వాక్యానికీ వాక్యానికీ ముడి వేయగలుగుతున్నారా అన్నది చాలు. వియత్నాం భాషలో క్రియ కాలాన్ని బట్టి రూపం మారదు, కాబట్టి "నిన్న" అన్న మాట చెప్పేశాక క్రియ మార్చాలని వాళ్లకు తోచదు. అది చదువులేమి అనుకోకండి.

గంటసేపు ఏం చేయించాలి? "మీ హాబీలేమిటి" అని అడగవద్దని మాత్రం బతిమాలుతున్నాను. మాట్లాడవలసిన అవసరం కల్పించాలి. ఈ పద్ధతికి మూలం మనకు దగ్గరలోనే ఉంది. ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన 1979 నుంచి 1984 దాకా బెంగళూరు కేంద్రంగా దక్షిణాది బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణ పాఠం చెప్పకుండా పిల్లలకు చిన్న చిన్న పనులు అప్పగించి, ఆ పని పూర్తిచేసే క్రమంలో భాష పట్టుబడేలా చేయడం. రైళ్ల సమయాల పట్టికల్లాంటివి ఇచ్చి లెక్కలు తేల్చమనేవారు. ఇప్పుడు ప్రపంచమంతా చెప్పుకుంటున్న పని ఆధారిత బోధనలో ఆ ప్రయోగానికి పెద్ద పేరే ఉంది.

నేను దాన్ని గుంతకల్లు జంక్షన్‌కు తెచ్చాను. బళ్లారి వైపు, రాయచూరు వైపు, నంద్యాల వైపు, గుత్తి వైపు దారులు చీలే స్టేషను కాబట్టి చిక్కులకు కొదవ లేదు. రెండు కాగితాలు తయారుచేస్తాను, సమయాలు నేనే కల్పిస్తాను. ఒక కాగితంలో గుంతకల్లుకు వచ్చే బండ్లు మాత్రమే ఉంటాయి. ఇంకోదాంట్లో అక్కడి నుంచి బయలుదేరేవి. జంటలో ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి పంపుతాను, ఎదుటివాళ్ల కాగితం చూడకూడదు. "రాయచూరు నుంచి వస్తున్న ముసలాయన సాయంత్రం ఆరు లోపల నంద్యాల చేరాలి. ఆయన మెట్లు ఎక్కలేడు కాబట్టి బండి మారడానికి కనీసం 40 నిమిషాలు కావాలి. ఏ బండ్లు?" ఇంతే పని. ఒసాకాలో ఉన్న ఒక ఉద్యోగి ఈ ముసలాయన కోసం తన జంటతో ఎంత వాదించాడో చూడాలి. 40 నిమిషాలు చాలవు, టీ కూడా తాగాలి కదా అన్నాడు. ఆ వాదనలో "ఒకవేళ ఆయన దీంట్లో వస్తే" అనే వాక్య నిర్మాణం అతని నోట ఏడెనిమిది సార్లు వచ్చింది, నేను బోర్డు మీద రాయకుండానే.

వాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దిద్దకండి. కాగితం మీద రాసుకోండి. చివరి ఏడెనిమిది నిమిషాల్లో ఐదు వాక్యాలు తెర మీద పెట్టండి, ఎవరివో చెప్పకండి. నాలుగు తప్పులు, ఒకటి చాలా బాగా అన్న మాట. వాళ్లే దిద్దుకుంటారు. ఐదు చాలు, పదిహేను పెడితే మళ్లీ వారం ఎవరూ నోరు తెరవరు.

కువైట్ బృందం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీరు జపాన్, వియత్నాం అని రాశారు కానీ మీ చుట్టుపక్కల ఇళ్లలోనే గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లకు ఈ చదువు ఎక్కువ అవసరం, అడిగే దారి తెలియదు. మా బృందంలో ముగ్గురు డ్రైవర్లు, ఒక వంటమనిషి, ఇంటిపని చేసే ఒక అమ్మ. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి వాళ్ల పొద్దున 10 గంటలకు, అంటే మనకు 12:30కు కూర్చుంటాం. వీళ్లకు గుంతకల్లు ఆట పనికిరాదు. అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, ఎప్పటికి ముగుస్తుందో కఫీల్‌ను, అంటే పూచీ ఉన్న యజమానిని, అడగడం, ఫార్మసీలో కడుపునొప్పి ఎక్కడ ఎలా ఉందో చెప్పడం, పక్కన పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయితో వంతులు మాట్లాడుకోవడం, ఇవీ పాఠాలు. అరబ్బీలో "ప" లేదు కాబట్టి యజమాని "బార్కింగ్" అంటే అది కుక్క మొరగడం కాదు, బండి ఆపే చోటు అని వినడం కూడా పాఠమే. మాట్లాడటమే కాదు, ఎవరి ఇంగ్లీషు వినబోతున్నారో ఆ ఇంగ్లీషు వినిపించాలి.

ఆ ఇంటిపని చేసే అమ్మకు విడిగా గది లేదు. మేడ మీద బట్టలు ఆరేస్తూ వింటుంది, కెమెరా పెట్టదు, గొంతు ఎత్తదు. అందుకని వాయిస్ మెసేజీలతో నడుపుతున్నాం. నేను ఒక పరిస్థితి చెప్పి పంపుతాను, రాత్రి పని ముగిశాక గుసగుసగా జవాబు పంపుతుంది. మొదటి మెసేజి నాలుగు సెకన్లు. పోయిన నెలది నిమిషం దాటింది, వెనక ఏసీ మోత తప్ప అంతా స్పష్టంగా ఉంది. మేడమ్‌ను తన పాప పెళ్లికి సెలవు అడగడం ఎలాగో తనే కూర్చుకుని పంపింది. "అండి" ఎక్కడా పోలేదు.

డబ్బు సంగతి. నేను మొదట్లో మనిషికి గంటకు 200 రూపాయలతో మొదలుపెట్టాను, ఇప్పుడు జపాన్ బృందం దగ్గర 700, వియత్నాం బృందం దగ్గర 450 తీసుకుంటున్నాను. కువైట్ వాళ్ల దగ్గర నెలకు 600, అంతకన్నా అడగబుద్ధి కాలేదు. నెల మొదట్లోనే తీసుకోండి. వాళ్లు రాకపోతే తిరిగి ఇవ్వనని, మీరు రాకపోతే ఇంకో రోజు చెబుతానని ముందే రాసి పంపండి. విద్యార్థులను వెతికిపెట్టే వేదికలు మొదట్లో అక్కరకొస్తాయి, కమిషన్ బాగానే కోసుకుంటాయి. ఒక వేదిక నా ఖాతాను కారణం చెప్పకుండా రెండు నెలలు ఆపేసింది, ఆ డబ్బు కోసం రాసిన మెయిళ్లు ఒక చిన్న పుస్తకం అవుతాయి. ఒకే చోట అన్ని గుడ్లూ పెట్టకండి. ఒకే దేశం మీద కూడా ఆధారపడకండి. 2021 జులైలో చైనా బయటి దేశాల్లో ఉన్న విదేశీ టీచర్లతో పిల్లలకు ట్యూషన్లు చెప్పించకూడదని నిబంధన పెట్టినప్పుడు, ఎంతోమందికి పని ఉన్నపళంగా పోయింది. బయటి నుంచి వచ్చే ప్రతి చెల్లింపుకూ బ్యాంకు కాగితం దాచుకోండి. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ లేదు, ఆదాయపు పన్ను లెక్క మాత్రం మొదటి ఏడాది నుంచే ఆడిటరుకు చూపించండి.

సర్టిఫికెట్ కావాలా అంటే, ఉంటే మంచిదే. కేంబ్రిడ్జి వారి సెల్టా అనే ఇంగ్లీషు టీచర్ల కోర్సులో 120 గంటల శిక్షణ ఉంటుంది, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పి చూపించాలి. ఆ ఆరు గంటల కోసమే అయినా విలువైనది, ఖర్చు మాత్రం ఎక్కువ. హైదరాబాద్‌లోని ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, 1958లో ఇంగ్లీషు బోధన కోసం మొదలైన సంస్థ, వాళ్ల ప్రకటనలు చూస్తూ ఉండండి. వారాంతంలో వీడియోలు చూసి తెచ్చుకునే చవక సర్టిఫికెట్లు గోడకు తగిలించుకోవడానికి బాగుంటాయి.

సామాను పెద్దగా అక్కర్లేదు. మైకు ఉన్న హెడ్‌సెట్, కరెంటు పోయినా రౌటరు ఆగకుండా ఒక చిన్న యూపీఎస్. జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకు ఆగిపోతుంది, అయినా జంటలుగా గదుల్లోకి విడదీసే వీలుంది కాబట్టి మొదట్లో తరగతిని 40కి కుదించి దాంతోనే నడపండి. సమయాలు: జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు, వియత్నాం గంటన్నర ముందు. జపాన్ వాళ్లు రాత్రి 8:30కు కూర్చుంటే మీకు సాయంత్రం 5, పాప నిద్రలేచే వేళ అవునో కాదో చూసుకోండి. ఈ మూడు దేశాల్లోనూ ఏడాదికి రెండుసార్లు గడియారం మార్చే అలవాటు లేదు, అదొక సుఖం. మే నెలలో మాత్రం ఒక ఇబ్బంది తప్పదు. ఫ్యాను చప్పుడు మైకులో హోరుమని వినిపిస్తుంది. కడప ఎండలో ఫ్యాను ఆపి 50 నిమిషాలు కూర్చోవడం ఎలాగో నేను ఇంకా నేర్చుకుంటున్నాను. ప్రస్తుతానికి తడి తువ్వాలు మెడ మీద వేసుకుని, కెమెరాను కొంచెం పైకి తిప్పుతున్నాను.

మీరు వెంటనే చేయవలసింది ఇది. తెలిసినవాళ్ల ద్వారా నలుగురిని పోగుచేసి రెండు వారాలు ఉచితంగా చెప్పండి. ప్రతి తరగతినీ వాళ్ల అనుమతితో రికార్డు చేయండి, గడియారం ముందు పెట్టుకుని మీరు మాట్లాడిన నిమిషాలు లెక్కపెట్టండి. 15కు దిగాక ఫీజు అడగడం మొదలుపెట్టండి. మొదటి లెక్క ఎంత వచ్చిందో ఇక్కడే కింద రాయండి. నా 31 దాటితే మొహమాటపడకుండా రాయండి, నాకు కాస్త ఊరటగా ఉంటుంది.